ఖాళీ పాత్రలు ఇచ్చిన పొరుగువారు

పాఠ్యభాగము: 2 రాజులు 4:1-7
దీనితోకూడ చదువవలసినవి: ద్వితీయోపదేశకాండము 24:6, 10-13, 17, నెహెమ్యా 5:1-13, సామెతలు 31:16, 24

ప్రవక్తల శిష్యులలో ఒకడు మరణించెను. అతడు దేవునియందు భయభక్తులు గలవాడని అతని భార్యయే ఎలీషాతో చెప్పుచున్నది. ఎలీషాకును ఆ సంగతి తెలియును. అట్టి భక్తుని యింట మిగిలినది అప్పు. అది ఎంత అప్పో, ఎందునిమిత్తము చేయబడెనో గ్రంథము చెప్పదు. భక్తిగలవాడు అప్పు చేయడనియు, అప్పులపాలైన కుటుంబములో ఏదో లోపము దాగియుండుననియు మన సంఘములలో కొందరు తేలికగా మాటలాడుదురు. ఈ అధ్యాయపు మొదటి వచనమే ఆ మాటను కొట్టివేయుచున్నది.

అప్పిచ్చినవాడు వచ్చియున్నాడు. పొలము అడుగుటకు ఆమెకు పొలము లేదు. పశువులును లేవు. ఉన్నది ఇద్దరు కుమారులు. వారిని దాసులుగా కొనిపోవుటకు అతడు సిద్ధముగా ఉన్నాడు. ఇతడు అన్యుడని గ్రంథము ఎక్కడను చెప్పలేదు. ఇశ్రాయేలీయుడే అయియుండును. బీదయైన సహోదరుని దాసునివలె చూడరాదని లేవీయకాండము 25వ అధ్యాయములో వ్రాయబడిన ఆజ్ఞ ఇతడు వినియుండవలసినదే. అయినను వచ్చెను. ధర్మశాస్త్రమును చదివించుకొను ప్రజలమధ్యనే ఈ విధవరాలి మొఱ్ఱ పుట్టినదని మొదట గ్రహింపవలెను.

ఎలీషా రెండు ప్రశ్నలు వేసెను. నేను నీకేమి చేయవలెనన్నది మొదటిది. దానికి ఆమె జవాబు చెప్పకమునుపే రెండవ ప్రశ్న వచ్చెను: నీ యింటిలో ఏమి ఉన్నది? ఈ రెండవ ప్రశ్న మనము బహు అరుదుగా అడుగుదుము. క్రిస్మసు దినములలో చీరలు పంచునప్పుడు, పేదల జాబితా వ్రాయునప్పుడు, ఆమెకు ఏమి లేదో వ్రాసికొందుము. ఏమి కలదో అడుగము.

ఆమె జవాబు చూడుడి. ఏమియు లేదని మొదలుపెట్టి, నూనె కుండ ఒకటి తప్ప అని ముగించెను. ఈ మాటతీరు మనకు తెలియనిది కాదు. ఏ గ్రామమునకైనను పోయి ఒక సహోదరిని నీవేమి పని చేయుదువమ్మా అని అడిగిన, ఏమీ లేదండీ, ఇంటివద్దనే ఉంటానండీ అనును. ఆమె తెల్లవారుజామున లేచి రెండు గేదెల పాలు పిండును, ఎనిమిది గంటలవరకు వీధి అరుగుమీద ఇడ్లీలు అమ్మును, వేసవిలో ఊరగాయలు పెట్టి పట్నమునకు పంపును. ఇదంతయు ఆమె లెక్కలో ‘ఏమీ లేదు.’ ప్రవక్త ఆ ‘తప్ప’ అను చిన్నమాటను పట్టుకొనెను.

తరువాత ఆయన ఆమెను పొరుగువారియొద్దకు పంపెను. వారు డబ్బు ఇయ్యలేదు, నూనె ఇయ్యలేదు. తమ యిండ్లలో ఖాళీగా ఉన్న పాత్రలు ఇచ్చిరి. అదియును ఎరువుగా, మరల పుచ్చుకొనుటకే. ఒకటి రెండు గాక విస్తారముగా తెచ్చుకొనుమని ప్రవక్త ప్రత్యేకముగా చెప్పెను. నూనె ప్రవహించినది దేవుని శక్తివలన; నిలిచినది పాత్రలు అయిపోయినప్పుడు. పొరుగువారు ఎన్ని పాత్రలు ఇచ్చిరో అంతమట్టుకే ఆ యింట ఆ దినమున నూనె నిండెను. ఇంకొక పది పాత్రలు దొరికియుండిన ఎట్లుండెడిదో అని ఈ భాగము చదివినప్పుడెల్ల నాకు తోచును.

తలుపు మూసికొనుమనుట కూడ గమనింపదగినది. ఆమె అక్కరను వీధిలో ప్రదర్శనకు పెట్టలేదు. కుమారులు పాత్రలు అందించిరి, ఆమె తన చేతులతో పోసెను. చివరకు నూనె అమ్మినది కూడ ఆమెయే. ఎలీషా ఆ నూనెను తీసికొనిపోయి తానే అమ్మి ఇంత సొమ్ము ఆమె చేతిలో పెట్టలేదు. నీవు పోయి అమ్ముమనెను. మొదట అప్పు తీర్చవలెను, మిగిలినదానితో ఆమెయు పిల్లలును బ్రదుకవలెను. ఏడు వచనములలో ఒక కుటుంబపు లెక్కపుస్తకము అంతయు ఇమిడియున్నది.

తిరుగలిని తాకట్టు పట్టరాదు

లేఖనములు అప్పును ఒక్కమాటగా నిషేధింపలేదు. బీదవాడు అడిగినప్పుడు చెయ్యి ముడుచుకొనక, అతని అక్కరకు చాలినంత అప్పు తప్పక ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. అప్పిచ్చువాని చేతికి మాత్రము కొన్ని కట్లు వేసినది. తిరుగలిని గాని దాని పై రాతిని గాని తాకట్టు పట్టరాదు. అది తీసికొనుట ప్రాణమునే తాకట్టు పట్టుటయని కారణము కూడ చెప్పబడినది. తిరుగలి ఎవరి పనిముట్టు? ఇంటి స్త్రీది. రెండు రాళ్లలో పై రాయి ఒక్కటి తీసికొనిపోయినను ఆ యింట పిండి ఉండదు. విధవరాలి వస్త్రము తాకట్టుగా పుచ్చుకొనరాదు. అన్నిటికంటె ఆశ్చర్యకరమైన కట్టు 24వ అధ్యాయము 10, 11 వచనములలో ఉన్నది: అప్పిచ్చినవాడు తాకట్టుకొరకు ఇంటిలోనికి పోరాదు, బయటనే నిలువవలెను, పుచ్చుకొన్నవాడే తెచ్చి ఇయ్యవలెను. అప్పుపడినవాని గడప కూడ గడపయే. ఈ వచనమును మరచిపోకుడి. మరల దీనియొద్దకు వత్తుము.

నెహెమ్యా కాలములో ఈ కట్లన్నియు తెగిపోయెను. పొలములు, ద్రాక్షతోటలు, ఇండ్లు కుదువపెట్టబడెను. కుమార్తెలలో కొందరు అప్పటికే దాస్యములోనికి పోయియుండిరి. కుమార్తెలే మొదట పోయిరని ఆ వచనము స్పష్టముగా చెప్పుచున్నది. నెహెమ్యా ప్రధానులను గద్దించెను. కాని తానును తన బంధువులును సేవకులును కూడ అప్పులిచ్చియున్న సంగతి దాచలేదు. మనమందరము ఈ వడ్డీ మానివేయుదమనెను. తన పేరు కూడ చేర్చుకొని గద్దించినవాని మాట వారు వినిరి.

గోదావరి తీరమున దొరకిన పాఠము

పని నేర్పిన చాలు, స్త్రీ తన కాళ్లమీద తాను నిలుచునని అనేకులు తలంతురు. మన సంఘములు నడుపు కుట్టు తరగతులన్నిటి వెనుక ఈ తలంపే ఉన్నది. ఇది ఎంతవరకు నిజమో తెలిసికొనుటకు నరసాపురమువైపు చూడవలెను.

పశ్చిమగోదావరిలో నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో స్త్రీలు కొక్కెపు సూదితో లేసు అల్లుదురు. ఈ పని 1844 ప్రాంతమున స్కాట్లాండునుండి వచ్చిన మాక్రే అను మిషనెరీ దంపతులవలన ఆరంభమాయెనని చెప్పుకొందురు. దొరసానులు బీద క్రైస్తవ స్త్రీలకు పని నేర్పి, నూలు ఇచ్చి, అల్లిన లేసును తమ దేశమునందలి మిత్రులకు పంపి, వచ్చిన సొమ్మును ఆ స్త్రీలకు ఇచ్చెడివారు. దాని వెనుక నిజమైన కనికరము కలదు. లేసు అల్లి పిల్లలను చదివించిన తల్లులు ఎందరో కలరు.

కాలము గడచినకొలది వ్యాపారము వర్తకుల చేతులలోనికి పోయెను. వర్తకుని ఏజెంటు ఇంటికి వచ్చి నూలు ఇచ్చును, అల్లినది తీసికొనిపోవును. ఒకరు పువ్వులు అల్లుదురు, దానికి చేతిపని అని పేరు. వేరొకరు వాటిని కలుపుదురు, అది అతుకుపని. మేజాగుడ్డ పూర్తిగా తయారైనప్పుడు ఎట్లుండునో, ఏ దేశమునకు పోవునో, ఎంతకు అమ్ముడుపోవునో పువ్వు అల్లిన ఆమెకు తెలియదు. మరియా మీస్ అను జర్మను పరిశోధకురాలు ఈ స్త్రీలతో మాటలాడి వ్రాసిన గ్రంథము 1982లో వెలువడినది. దినమునకు ఆరు, ఎనిమిది గంటలు అల్లినను వారి చేతికి రూపాయి కూడ వచ్చెడిది కాదని అందులో కనుగొందుము. వారిని పనివారని కూడ ఎవరును అనలేదు. తీరిక వేళలో కాలక్షేపమునకు అల్లుకొను గృహిణులని లెక్కించిరి. వర్తకులు మేడలు కట్టిరి. మన విధవరాలి ‘ఏమియు లేదు’ అను మాట ఇక్కడ వేలమంది స్త్రీల నోట పలికినది.

2024లో నరసాపురము లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. అది సంతోషకరమే. అయితే గుర్తింపు లేసుకు కలిగినది. అల్లు చేతికి వచ్చు కూలి వేరు సంగతి.

లోపము నేర్పినవారి ప్రేమలో లేదు, నేర్చుకొన్నవారి పనితనములోను లేదు. నూలు కొనుటకు ఆమెయొద్ద సొమ్ము లేదు. ధర పలుకుటకు ఆమె సంతకు పోలేదు. ఎలీషా చెప్పిన రెండు మాటలు, పాత్రలు తెచ్చుకొనుమనునది, పోయి అమ్ముమనునది, ఈ పనిలో లోపించెను. మధ్యనున్న పోయుము అను మాట మాత్రమే మిగిలెను. ఆమె నూరేండ్లకు పైగా పోయుచునే యున్నది.

పది రూపాయల మూలధనము

ఈ లోపమును స్పష్టముగా చూచి పనికి పూనుకొన్నవారిలో అహమ్మదాబాదునందలి ఇలా భట్ ఒకరు. ఆమె క్రైస్తవురాలు కాదు. గాంధీగారి మార్గమును అనుసరించి కార్మిక సంఘములో పనిచేసిన న్యాయవాది. తలపై మూటలు మోయువారు, పాతగుడ్డలు అమ్మువారు, కూరగాయల బుట్టలవారు, బీడీలు చుట్టువారు, ఇట్టి స్త్రీలను కూర్చి 1972లో సేవా అను సంఘమును స్థాపించెను. 1974లో ఆ స్త్రీలే తమ సహకార బ్యాంకును తెరచిరి. నాలుగువేల మంది తలకు పది రూపాయల చొప్పున వేసిన సొమ్ము దానికి మూలధనము. వారిలో అనేకులు సంతకము చేయలేరు గనుక పాసుపుస్తకములో ఫోటో అతికించిరి. చదువు రాదను అడ్డు అంతటితో తొలగెను. ఇలా భట్ 2022లో కన్నుమూసిరి.

బంగ్లాదేశమునందలి జోబ్రా గ్రామములో 1976లో ముహమ్మద్ యూనస్ నలుబదిఇద్దరు బీదలకు చిన్న మొత్తము అప్పిచ్చి ఆరంభించిన పని 1983లో గ్రామీణ బ్యాంకు అయి, 2006లో నోబెలు శాంతి బహుమానము పొందినది. ఆ కథ చాలమంది ఎరిగినదే.

ఇంత చిన్న సొమ్ము ఏమి చేయగలదని అడుగువారికి ఒక లెక్క చెప్పవచ్చును. కూరగాయలు అమ్ము స్త్రీ ఉదయము వడ్డీవర్తకునియొద్ద తొమ్మిదివందలు తీసికొని సాయంకాలము వెయ్యి చెల్లించుననుకొనుడి. పట్నములలో ఈ పద్ధతి సాధారణము. నెలకు ఇరువదియారు దినములు వ్యాపారము చేసిన 2,600 రూపాయలు వడ్డీయే పోవును. మరునాటి ఉదయము ఆమె మరల ఖాళీ చేతులతో అతని ముంగిట నిలుచును. దినమునకు ఇరువది రూపాయలు వేరుగా దాచిన 45 దినములలో ఆ తొమ్మిదివందలు ఆమె సొంతమగును. ఆ ఇరువది దాచనియ్యనిది దినదినము పోవు ఆ నూరు. నలుగురు స్త్రీలు కలిసి ఒకామెకు ఒక్కసారి తొమ్మిదివందలు అందించినయెడల ఈ కట్టు తెగును. వారిచ్చునది ఖాళీ పాత్రవంటిది, మరల వచ్చునది.

మన పల్లెలలో జరిగినది

తెలుగు స్త్రీకి పొదుపు క్రొత్త కాదు. అన్నము వండు ప్రతిసారి ఒక పిడికెడు బియ్యము దేవునికి వేరుచేసి ఆదివారము గుడికి తెచ్చిన తల్లులు మన సంఘములను పోషించిరి. మిజోరాము సంఘములలో 1910 నుండి ఇదే ఆచారము సాగుచు సువార్తపనికి గొప్ప ఆధారమైనది. సొంతముగా ఏమియు లేని స్త్రీ వండబోవు గింజలలోనుండి తీయగలిగినది గనుక తీసినది.

1982లో ప్రభుత్వము డ్వాక్రా పథకము ప్రారంభించినది. నేటికిని మన పల్లెలలో స్త్రీల సంఘములను ఆ పేరుతోనే పిలుతురు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రగిలిన సారా వ్యతిరేకోద్యమము ఆ జిల్లా అంతట వ్యాపించి రాష్ట్రమును కదిలించినది. భర్తల కూలి సారా దుకాణమునకు పోవుట మానిపించిన స్త్రీలే దినమునకు రూపాయి చొప్పున పొదుపు చేయుట మొదలుపెట్టిరి. అదే 1992లో నాబార్డు స్త్రీల సంఘములను బ్యాంకులతో జతపరచు ప్రయోగమును ఐదువందల సంఘములతో ఆరంభించెను. సంఘములు మొదట తాము పొదుపు చేసి, తమలో తాము అప్పిచ్చుకొని, పుస్తకములు వ్రాసికొని, తరువాత బ్యాంకుకు పోవలెను. ఈ క్రమము మంచిది. పాత్రలు సమకూర్చుకొన్న తరువాతనే నూనె పోయబడెను గదా.

తరువాత వచ్చినది వేరు తీరు. లాభము నిమిత్తము నడచు సూక్ష్మఋణ సంస్థలు పల్లెలలో ప్రవేశించి, పొదుపుతో పనిలేకుండ, ఆమె ఇంటిలో ఏమున్నదో అడుగకుండ అప్పులిచ్చెను. ఒక సంస్థ అప్పు తీర్చుటకు మరియొక సంస్థ, దానిని తీర్చుటకు ఇంకొకటి. వారము వారము వాయిదా. ఒకామె కట్టలేకపోయిన తోటివారందరు కట్టవలెనను నిబంధన వలన నిన్నటివరకు పాత్రలు ఇచ్చిపుచ్చుకొన్న పొరుగు స్త్రీలే ఆమె గుమ్మము ముందు కూర్చుండి, సొమ్ము కట్టువరకు లేవమనిరి. అవమానము భరింపలేక ప్రాణములు తీసికొన్నవారిగూర్చి 2010లో పత్రికలు వ్రాసెను. ఈ పాఠమంతటిలో నన్ను అధికముగా బాధించు సంగతి ఇదే. అప్పిచ్చినవాడు ఎలీషా దినములలో తానే వచ్చెను. 2010లో పొరుగువారిని పంపెను.

ఆ సంవత్సరము అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు జారీచేసి, తరువాత దానిని చట్టము చేసెను. వడ్డీ అసలును మించరాదు. వసూళ్లు ఆమె ఇంటివద్ద కాక పంచాయతీ కార్యాలయమువద్దనో మరియొక బహిరంగ స్థలముననో జరుగవలెను. అప్పిచ్చినవాడు గడప బయటనే నిలువవలెనన్న ద్వితీయోపదేశకాండపు ఆజ్ఞ ఇక్కడ మరల కనబడుచున్నది. వసూళ్లు ఆగిపోయెను, ఆ సంస్థలు క్రొత్త అప్పులిచ్చుటయు చాలవరకు ఆగిపోయెను. స్త్రీల అక్కర మాత్రము ఆగలేదు. పాత వడ్డీవర్తకుని గుమ్మము మరల ఎక్కినవారు కలరు. చట్టము అప్పువాని చేతిని ఆపగలదు, కాని పాత్ర తెచ్చి ఇయ్యలేదు.

స్త్రీల సమాజము చేయగల పని

స్త్రీల సమాజములో పదిమంది కూడి ఈ పనికి పూనుకొనగోరినయెడల, అప్పుతో గాక పొదుపుతో ఆరంభింపవలెను. కనీసము ఆరు నెలలు క్రమముగా కూడుట, క్రమముగా దాచుట, పుస్తకము వ్రాయుట అలవడవలెను. పుస్తకము ప్రతి కూడికలో బిగ్గరగా చదువవలెను. చదువురానివారు విని తప్పు పట్టగలరు, వారి జ్ఞాపకశక్తి మన పుస్తకములకంటె గట్టిది. పాస్టరుగారు గాని పాస్టరమ్మగారు గాని కోశాధికారులుగా ఉండకుండుట మేలు. వారిని అనుమానించి ఈ మాట చెప్పుటలేదు. అప్పు వాయిదా తప్పిన సహోదరి ఆ ఆదివారము వారి ముఖము చూడవలసివచ్చును, చూడలేక గుడికి రాక మానును. వాయిదా తప్పినదని ఎవరి పేరును వేదికనుండి చదువరాదు, ప్రభువు బల్లకు దూరపరచరాదు.

శిక్షణనుగూర్చి ఒక మాట. కుట్టుమిషను బహూకరించి ఫోటో తీయించుకొనుట సులభము. ఆ మిషను ఆరు నెలల తరువాత మూలన దుప్పటి కప్పుకొని ఉండుట మనలో ఎందరో చూచియున్నాము. లైనింగు గుడ్డ, దారము, హుక్కులు కొనుటకు ఆమెయొద్ద సొమ్ము లేదు; జాకెట్టుకు ఎంత అడుగవలెనో ఎవరును నేర్పలేదు. కత్తిరించుటతోకూడ టోకు దుకాణములో సరుకు కొనుట, ధర కట్టుట, అరువు ఎంతవరకు పెట్టవచ్చునో తెలిసికొనుట నేర్పవలెను. సామెతలు 31వ అధ్యాయము మన వివాహములలో విరివిగా వినబడును. అయితే ఆ గుణవతి పొలమును చూచి ఆలోచించి కొనుననియు, నేసిన వస్త్రములు తానే అమ్ముననియు చెప్పు 16, 24 వచనములు పెండ్లిపందిటిలో ఎందుచేతనో వినబడవు. బ్యాంకు ఖాతా ఆమె పేరున ఉండవలెను. అప్పు ఆమె పేరున, సొమ్ము భర్త చేతిలో అయినయెడల, తీర్చువేళ మాత్రము అది ఆమెదగును.

కూడికలో మాటలాడుకొనుటకు

ఈ విధవరాలి కథలో మీరు ఎవరి స్థానమున ఉన్నారు? కూడికలోని ప్రతి సహోదరియు తన యింట ‘ఏమియు లేదు, ఇది తప్ప’ అని ఒక్కొక్కటి చెప్పవలెను, ఒకరు వ్రాసికొనవలెను. మీ ఊరిలో స్త్రీలు నేర్చుకొన్న పనికి ధర నిర్ణయించుచున్నవారు ఎవరు? నెహెమ్యా 5:10 మరల చదువుడి: మన సంఘపెద్దలలో, మన యిండ్లలో, వడ్డీకి ఇచ్చువారు కలరా, నూటికి ఎంత?